మునస్వామి బావిలో నీళ్లు

తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయంలో పర్యావరణ, సాంకేతిక చరిత్ర విభాగమని ఒకటుంది. పేరు పొడుగు, విభాగం పొట్టి. పేరు ఒక బోర్డులో ఇమడక రెండు బోర్డులు కొట్టించారు గానీ లోపల ఉన్నవి మూడే గదులు. ఆటోవాడికి చెబితే పర్యావరణ శాస్త్రం బిల్డింగు దగ్గర దించేసి పోతాడు. అక్కడివాళ్లు చరిత్ర విభాగానికి పొమ్మంటారు. చరిత్రవాళ్లు నవ్వి, వెనక సైకిల్ స్టాండు వైపు చెయ్యి చూపిస్తారు. నేలనూ నీటినీ మనుషులు ఎలా వాడుకున్నారు, ఏ యంత్రం వచ్చి ఏ పనిని మూలకు నెట్టింది అన్నదే అక్కడ చెప్పే చదువు. మంచి చదువే, చేరేవాళ్లే లేరు.

ఆ విభాగం మూడు నెలలకోసారి ఒక వార్తాలేఖ వేస్తుంది. దాన్ని రాసేది చంద్రిక. ఆమె అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతుంది. ఎవరూ తీసుకోని పనులన్నీ కాంట్రాక్టు వాళ్ల నెత్తికే వస్తాయి గదా, అలా వచ్చిందే ఇదీ. నిజం చెప్పుకోవాలంటే ఆ వార్తాలేఖకు వార్తలే కరువు. ఒక సంచికలో విభాగాధిపతి భానుచందర్ వేలూరు వెళ్లి ఉపన్యాసం ఇచ్చారని రాసింది. తర్వాతి సంచికలో ఆ ఉపన్యాసం ఫోటో వేసింది. ఆ పైదానిలో విభాగానికి కొత్త బీరువా వచ్చిందని రాసి, అచ్చయ్యాక చూసుకుంటే తనకే సిగ్గేసింది.

ఇంతలో ఈ విభాగాన్ని ఎత్తేసి చరిత్ర శాఖలో కలిపేస్తారన్న మాట క్యాంపస్ అంతా పాకింది. కలిపితే ముందు పోయేది చంద్రిక ఉద్యోగమే. భానుచందర్ మంచి మనిషి, కాకపోతే కంగారు మనిషి. ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఒక్క మంచి వార్త కావాలమ్మా. బీరువాలూ ఉపన్యాసాలూ కాదు. మన చదువు వల్ల ఒక ఊరికి మేలు జరిగిందని చూపించాలి" అన్నాడు.

చంద్రికకు వెంటనే తన ఊరే గుర్తొచ్చింది. చిత్తూరు నుంచి పెనుమూరు పోయే దారిలో చిన్న పల్లె అది. కొండ మీద పడిన వాన ఒకప్పుడు కాలువ వెంబడి వచ్చి, బావులకు ఎగువనున్న కుంటలో నిలిచేది. కుంటలో నీళ్లుంటే కింద బావుల్లో ఊట ఉండేది. బోర్లు వచ్చాక కాలువను ఎవరూ పట్టించుకోలేదు. కంపచెట్లు మొలిచాయి, మట్టి పూడింది. బావులు ఒకదాని వెంట ఒకటి ఎండాయి. బోర్లు కూడా ఎండాక చాలామందికి వానకు బతికే మామిడి చెట్లు తప్ప ఏమీ మిగల్లేదు. కుంట కింద మొదటి బావి చంద్రిక తండ్రి మునస్వామిది, దాని కిందిది దేవకమ్మది.

ఎండాకాలంలో విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పోయి ఆ కాలువను బాగు చేయించారు. ఊళ్లోవాళ్లూ పారలు పట్టారు. కార్తీకంలో వానలు గట్టిగానే పడ్డాయి, కుంటలో నీళ్లు నిలిచాయి. బావిలోకి ఊట ఎప్పుడొస్తుందా అని చంద్రిక ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఒకసారి వెళ్లి తొంగి చూస్తే అడుగున బండలు చెమ్మగా కనిపించాయి. అంతే.

ఆ చెమ్మను చూసే భానుచందర్ పెద్ద ఏర్పాటు తలపెట్టాడు. మోటార్లు రాకముందు నీళ్లు ఎలా తోడేవారో చూపించాలి. మునస్వామి బావి మీద కపిల తోలించాలి, వీడియో తీయించాలి, యూనివర్సిటీ పెద్దల్ని పిలవాలి. కపిల అంటే తెలియని పిల్లలకు చంద్రిక ముందే పాఠం చెప్పింది. బావి ఒడ్డున గిలక, గిలక మీద మోకు, మోకు చివర పెద్ద ఇనుప బాన. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి నడిస్తే బాన నిండి పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే బావిలోకి దిగుతుంది. ఈ వెనక్కి నడిచే విద్య ఇప్పటి ఎద్దులకు రాదు. అదే ఊరి రైతు సుబ్బన్న దగ్గర బండెద్దుల్ని తెచ్చి మునస్వామి రోజూ పొద్దున్నే నేర్పించాడు. అవి నేర్చుకున్నాయి గానీ, ఆయన గొంతు పోయింది.

చిక్కంతా నీళ్ల దగ్గరే వచ్చింది. చంద్రిక తండ్రికి ఫోన్ చేసింది.

"నీళ్లు లేకపోయినా పర్లేదు నాయనా. ఉత్త బాన దించి ఎత్తి చూపిద్దాం. పిల్లోళ్లకు అర్థమైతే సాలు."

"ఉత్త బాన ఎత్తేది లేదు మా."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఖాళీ బాన పైకి ఎత్తకూడదన్నది వాళ్ల ఇంటి కట్టడి. తాత ఎత్తలేదు, తండ్రి ఎత్తలేదు. బావి అడుగంటిన ఏడు మునస్వామి బానను విప్పి, కడిగి, పసుపు రాసి, కొట్టంలో బోర్లించి పెట్టాడు. ఆ రోజు ఇంట్లో అందరూ చావు జరిగినట్టు గమ్మున కూర్చున్నారు. ఈ ముచ్చట చంద్రిక క్లాసులో ఎన్నోసార్లు చెప్పింది. పనిముట్టుకూ నమ్మకానికీ ఉన్న సంబంధానికి మంచి ఉదాహరణ అనేది.

"అట్లయితే ఎట్ల నాయనా? పెద్దోళ్లందరినీ పిలిచేసినారు."

"నేను సూసుకుంటా లే. నువ్వు బెంగ పెట్టుకోవద్దు."

ఏర్పాటుకు ముందు రోజు ఆయనే ఫోన్ చేశాడు. "నీళ్లుండాయి. రాండి" అన్నాడు. చంద్రికకు కాళ్లు నేల మీద నిలవలేదు. భానుచందర్ గదికి పరుగెత్తి, "సార్, ఊట వచ్చింది!" అంది. తండ్రి అన్నది నీళ్లుండాయని. ఊట అన్న మాట ఆమె కలుపుకున్నది. ఆ సంతోషంలో ఆ తేడా ఆమెకు తట్టనే లేదు.

మర్నాడు బస్సు నిండా జనం దిగారు. మునస్వామి తెల్ల పంచె కట్టి, ఎద్దుల కొమ్ములకు పసుపు రాసి, బావికి దండం పెట్టుకున్నాడు. పోయిన గొంతుతోనే ఏదో పాట ఎత్తుకున్నాడు. ఎద్దులు దిగాయి, మోకు బిగిసింది, గిలక కీచుమంది, బాన పొర్లుతూ పైకొచ్చింది. నీళ్లు తొట్టిలో పడి పొలం కాలువలో పారుతుంటే భానుచందర్ ప్యాంటు మడిచి అందులో దిగాడు. వీడియో తీసే కుర్రాడు తడిసిపోయాడు. ఊళ్లోవాళ్లు దూరంగా నిలబడి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్లూ సంతోషిస్తున్నారనుకుంది చంద్రిక. ట్యాంకర్లు తోలే ఢిల్లీబాబు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఎందుకో ప్రతి ఫోటోలోనూ ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆ వారమే వార్తాలేఖ వచ్చింది. 'పాత కాలువ తెరిచాం, కపిల బావికి ఊట వచ్చింది' అని మొదటి పేజీలో పెద్దక్షరాలు. దాన్ని చూసి ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఫోటోతో వేసింది. ఎన్నడూ పలకరించని చరిత్రవాళ్లు సైకిల్ స్టాండు దాటి వచ్చి అభినందించి పోయారు. విభాగాన్ని కలిపే సంగతి ఇప్పట్లో ఉండదని భానుచందర్ చెవిన వేశారు. ఆయన తన సొంత ఖర్చుతో లడ్లు తెప్పించి పంచాడు.

ఆ తర్వాతి సోమవారం దేవకమ్మ విభాగానికి వచ్చింది. సైకిల్ స్టాండు దారి కూడా ఆమే కనుక్కుంది. చేతిలో మడిచిన పేపరు, తామరాకులో చుట్టిన మల్లెపూలు. మొగుడు పోయాక, తన బావీ ఎండాక, ఆమె సేద్యం వదిలేసి తిరుచానూరు చేరింది. అమ్మవారి గుడి దగ్గర ఒక పూలంగడి అరుగు మీద కూర్చుని మాలలు కడుతుంది. ఆ వీధిలో అరుగు మీద చోటు దొరకడమంటే మాటలు కాదు. నీడ ఉంటుంది, అంగడి వాకిట్లోనే కాబట్టి పూలు ముందు తన చేతికే వస్తాయి. చంద్రికను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి ఆమె.

"ఏం మే, ఇంత ఎండిపోయినావు! అన్నం తింటాండావా లేదా?" అంటూ పూలు చేతిలో పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత పేపరు విప్పింది. "ఇది నిజమేనా? మీ నాయన బాయిలో ఊట పడిందా?"

"నిజమే అత్తా. నేను కండ్లారా సూసినా. బాన నిండా వచ్చినాయి నీళ్లు."

"పేపరోళ్లు ఏమైనా రాస్తారు. అందుకే నిన్ను అడిగి పోదామని వచ్చినా. మీ బాయికీ మా బాయికీ ఒకటే ఊట. మీకు పడితే నాకు పడాల."

"పడుతుంది అత్తా. కుంటలో ఇంకా నీళ్లుండాయి" అంది చంద్రిక. ఎంత ధీమాగా అన్నదో!

దేవకమ్మ మొహం వెలిగిపోయింది. టమోటా పెడతానంది. పూడిక తీసే మనుషుల్ని మాట్లాడుకుంటాననీ, నర్సరీలో నారు చెప్పి, శుక్రవారానికల్లా తెచ్చుకుంటాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అరుగు మీద తన చోటు ఈ పొద్దే వేరే ఆమెకు ఇచ్చేస్తానంది. ఆమెను బస్సెక్కించి వస్తూ చంద్రిక, చదువుకున్నందుకు ఇన్నేళ్లకు ఒక పనికొచ్చిన పని చేశాననుకుంది. ఆ పూట నిజంగానే కడుపు నిండినట్టుంది ఆమెకు.

శుక్రవారం ఆమె కూడా ఊరికి బయల్దేరింది. నీటి మట్టం కొలిచి వచ్చే సంచికలో వేద్దామని టేపు తీసుకుంది. చిత్తూరులో బస్సు మారి, ఊళ్లో దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా బావి దగ్గరికే పోయింది. తొంగి చూసింది. అడుగున పగుళ్లు వారుతున్న బురద, అందులో కూరుకుపోయిన ఒక వాటర్ బాటిల్. ఏర్పాటు రోజున పెద్దలెవరో తాగి పడేసిందే.

మునస్వామి కొట్టం దగ్గర నుంచి వచ్చాడు.

"నాయనా, నీళ్లేవి?"

"ఇంకినాయి."

"యాడికి ఇంకినాయి? ఊట గదా!"

"ఊట అని నేను అనలేదే" అన్నాడు మునస్వామి, నిజంగా ఆశ్చర్యపోతూ. "ఢిల్లీబాబు ట్యాంకర్లతో పోయించినా. ముందు రోజు పొద్దు మునిగే దాకా పోస్తానే ఉండారు. ఉత్త బాన ఎత్తలేను గదా మా. నీ సారు ముందర, నీ పిల్లోళ్ల ముందర ఎండు బాయి మీద నిన్ను నిలబెట్టలేను గదా."

"పేపర్లో ఏసినారే! అప్పుడైనా సెప్పగూడదా?"

"మీకు తెలుసనుకున్నా. ఊరంతా తెలుసు. సినిమా షూటింగుకు వాన కురిపిస్తారే, అట్ల మీరూ చేస్తాండారనుకున్నాం. ఊట వచ్చిందని రాసినారంటే, ఏందో యూనివర్సిటీ వాళ్ల రాతలు అట్ల ఉంటాయేమో అనుకున్నాం."

చంద్రికకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఊరంతా తెలిసిన సంగతి ఊరి పిల్లకు తెలియలేదు. నీళ్ల చరిత్ర చదివినవాళ్లు, చెప్పేవాళ్లు బస్సు నిండా వచ్చారు. ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కరు అడగలేదు. ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డ ఢిల్లీబాబు గుర్తొచ్చి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఊరంతా తెలుసు. తను గాక ఆ సంగతి తెలియనిది తిరుచానూరులో ఉండే దేవకమ్మకే.

ఫోన్ తీసి దేవకమ్మకు చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారి చేస్తుండగానే ఆ మోత దారి మీదే వినబడింది. సామాన్ల ఆటో ఒకటి ఎగురుకుంటూ వస్తూ ఉంది. వెనకంతా ట్రేల నిండా టమోటా నారు. వాటి మధ్య దేవకమ్మ, ట్రేలు జారకుండా రెండు చేతులూ చాపి పట్టుకుని కూర్చుని ఉంది. అందుకే ఫోన్ ఎత్తలేదు.

"మే చంద్రికా! నువ్వూ వచ్చినావా? నీ చేత్తోనే మొదటి మొక్క పెట్టిస్తా" అని ఆటో దిగకముందే కేక వేసింది.

మునస్వామి ముందుకొచ్చి ఏదో అనబోయాడు. ఆమె ఆయన్ను ఆపింది. ఈ మాట చెప్పవలసింది తను. దేవకమ్మ చెయ్యి పట్టుకుని బావి ఒడ్డుకు తీసుకుపోయి, చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. ట్యాంకర్ల సంగతి చెప్పింది. తను అడగలేదని చెప్పింది.

దేవకమ్మ బావిలోకి వంగి చూసింది. అరుస్తుందేమోనని చంద్రిక అనుకుంది. అరిచినా బాగుండేది. ఆమె కపిల దారి మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ నాయన మీద నాకు కోపం లేదు. ఆయనకు ఆ పట్టింపు ఉండాదని నాకు తెలుసు" అంది. "పేపరు మీద కూడా లేదు. నేను పేపరు సూసి రాలేదు మే. నిన్ను అడిగి వచ్చినా."

చంద్రిక కొలవడానికి తెచ్చిన టేపును చుట్టి సంచిలో పెట్టేసింది.

నారు ఎండలో వాడిపోతుందని మునస్వామి ట్రేలు దించి కొట్టం నీడలో పెట్టి, ఇంటి కొళాయి నీళ్లు చిలకరించాడు. సాయంత్రానికి సుబ్బన్న తన బోరు కింద నాటుకుంటానని తీసుకుపోయాడు. దేవకమ్మ అదే ఆటోలో చిత్తూరు దాకా పోయి, తిరుచానూరు వెళ్లిపోయింది. చంద్రిక తోడొస్తానంటే వద్దంది. అరుగు మీది చోటు మళ్లీ దొరకలేదు. ఇప్పుడు అంగడి పక్క సందులో, ఎండ పడే చోట కూర్చుంటుందని తర్వాత తెలిసింది.

సోమవారం చంద్రిక భానుచందర్‌కు అంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పని రాయాల్సిన పనేముంది? పరిశీలన కొనసాగుతోందని రాద్దాం. అబద్ధం కాదు గదా" అన్నాడు.

"అబద్ధం కాదు సార్. కానీ అది చదివి ఇంకో దేవకమ్మ నారు కొంటుంది."

"విభాగాన్ని ఎత్తేస్తారు చంద్రికా. నీకు తెలుసు గదా, ముందు నీ ఉద్యోగమే పోతుంది."

"తెలుసు సార్."

ఆ కాలువ నీళ్లలో ప్యాంటు మడిచి దిగిన ఫోటో ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని తీసి సొరుగులో పెట్టి, "రాసి చూపించు" అన్నాడు. అంతకు మించి అడ్డం చెప్పలేదు.

చంద్రిక రాసింది. కాలువ బాగు చేసిన మాట నిజం, కుంటలో నీళ్లు నిలిచిన మాట నిజం, బావిలో ఊట రాలేదు, సుబ్బన్న ఎద్దుల్ని కట్టి కపిలతో తోడినవి ట్యాంకరు నీళ్లు, గత సంచికలో వేసిన వార్త తప్పు. ముందు తండ్రికి ఫోన్ చేసి చదివి వినిపించింది. "నేనేం దొంగతనం చేసినానా? రాసుకో. ఢిల్లీబాబు పేరు కూడా ఎయ్యి, వాడు ఆశ పడతాండాడు" అన్నాడు మునస్వామి. ఆ పేరూ కలిపి, తర్వాత గుండె చిక్కబట్టుకుని దేవకమ్మకు చేసింది. వెనక గుడి మైకు మోగుతోంది, పూల బేరాలు వినబడుతున్నాయి. దేవకమ్మ చివరిదాకా విన్నది.

"నా పేరు యాడ?" అంది.

"నీ పేరు ఎందుకులే అత్తా, నలుగురిలో..."

"నలుగురిలోనే రాయి. ట్యాంకరోడి పేరు రాసినావు, ఎద్దులిచ్చిన సుబ్బన్న పేరు రాసినావు. నమ్మి నారు తెచ్చుకున్నది నేను. రాయి మే. ఊరికే నమ్మలేదని కూడా రాయి. అడిగే నమ్మినా."

చంద్రిక ఫోన్ పక్కన పెట్టింది. వార్త కింద ఇంకో రెండు వాక్యాలు కలిపింది. భానుచందర్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. తర్వాతి సంచికలో అవి ఇలా అచ్చయ్యాయి:

'ఆ వార్త నిజమేనా అని దేవకమ్మ తిరుచానూరు నుంచి వచ్చి మా విభాగంలో అడిగారు. నిజమేనని చెప్పింది, ఆ వార్త రాసిన చంద్రిక.'